దూప తీరని కుంట

అమీర్‌పేటలో మనుషులకే చోటు లేదు, దెయ్యానికెక్కడిది అని నవ్వేవాళ్లుంటారు. నిజమే. మైత్రీవనం వెనక నుంచి మధురానగర్‌కు పోయే సందుల్లో అర్ధరాత్రి దాటినా టిఫిన్ బండి పెనం చల్లారదు. హాస్టల్ కిటికీల్లో లైట్లు ఆరవు. కోచింగ్ పిల్లలు చాయ్ గ్లాసులు పట్టుకుని ఇంటర్వ్యూల గురించి వాదించుకుంటూనే ఉంటారు.

అయినా... ఒక్క ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లలే మాట ఆపేస్తారు. సందుకు అవతలి పక్కకు మారి నడుస్తారు. బైకు పెట్టడానికి జానెడు జాగా దొరకని ఆ పేటలో, ఆ గోడ పక్కన మాత్రం ఎవరూ బండి పెట్టరు.

గోడ వెనక ఒక కుంట ఉంది. చుట్టూ హాస్టళ్లు లేచిపోయినా పూడకుండా మిగిలిన పెరటి కుంట. సిమెంటు కట్టు, లోపలికి దిగడానికి మెట్లు, నిండా తామరాకులు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది — పగలు.

రాత్రయితే అందులో నీళ్లు తగ్గేవి. ఎవరూ తోడేవారు కాదు. ఊరికే తగ్గేవి. గోడ పక్కనుంచి పోయేవాళ్లకు వినిపించేదట... గుటుక్. కాస్త ఆగి, మళ్లీ... గుటుక్. దాహంతో ఉన్న మనిషి చెంబెత్తి తాగుతున్నట్టు.

"లచ్చమ్మ తాగుతుంది" అనేవారు సందులో.

ఆ ఇంటిని ఎరిగినవాళ్లు చెప్పిన సంగతి ఇది. విన్నది విన్నట్టే చెప్తున్నా.

ఆ చుట్టుపక్కలంతా ఖాళీ జాగాగా ఉన్నప్పుడు రాజనర్సయ్య అనే ఆయన ఆ ఇల్లు కట్టి, వెనక కుంట తవ్వించాడు. ఆయన పోయాక ఇల్లు భార్య లచ్చమ్మ చేతిలో నడిచింది. ఇద్దరు కొడుకులు — రాఘవేందర్, విజయేందర్. పెద్ద కోడలు భూలక్ష్మి, చిన్న కోడలు మానస. పెద్దవాళ్లు కింద, చిన్నవాళ్లు పైన. పొయ్యి మాత్రం ఒక్కటే, కిందే.

ఆ కుంటలో తామరలు పెంచింది భూలక్ష్మి. పూలు పూల దుకాణాలకు, దుంపలు అపార్ట్‌మెంట్ల బాల్కనీ తొట్లకు. పెద్ద వ్యాపారమేం కాదు. కానీ మొగుడి ముందు చెయ్యి చాపకుండా బతికించేది అదొక్కటే.

లచ్చమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. రోజుకు ఇంతకు మించి నీళ్లు తాగించొద్దు అన్నాడు డాక్టరు. కొలిచి పోసే బాధ్యత భూలక్ష్మిది. ఇంట్లో ఇంకెవరికీ అంత గట్టి గుండె లేదు మరి. చివరి రాత్రి ముసలమ్మ దాహంతో మంచం మీంచి చెయ్యి చాపింది.

"దూపైతుందే, భూలక్ష్మీ... జరంత పొయ్యే."

"పొద్దుగాల ఇస్త అత్తమ్మా. పండుకో."

పొద్దున్నకు ఆమె లేదు.

భూలక్ష్మి ఏడవలేదు. పనులన్నీ తనే నిలబడి చేయించింది. కానీ ఆ ఒక్క మాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు — ఒక్క మానసకు తప్ప.

మానస యారాలు, అంటే తోడికోడలు. యారాండ్లంటే పొద్దున లేస్తే కొట్లాటే అనుకుంటారు లోకంలో. వీళ్లిద్దరూ ఒక్క కంచంలో తిన్నట్టే ఉండేవారు. కూరలో ఉప్పెంత, మానస పాపకు ఏ ట్యూషను, పంజాగుట్ట బట్టల షోరూంలో డ్యూటీకి మానస ఏ చీర కట్టుకుని పోవాలి — అన్నీ భూలక్ష్మే చెప్పేది. మానస తల ఊపేది. ఆ తల ఊపడాన్ని భూలక్ష్మి ప్రేమ అనుకుంది. కొంత ప్రేమ ఉండే ఉంటుంది కూడా.

లచ్చమ్మ పోయేముందు ఇంకో మాట చెప్పింది. "కుంట కోడండ్లది. ఆళ్లిద్దరు ఒప్పుకుంటేనే దాని మీద చెయ్యెయ్యాలె."

అందుకే అన్నదమ్ములిద్దరూ పెరట్లో హాస్టల్ లేపుదాం అన్నప్పుడు యారాండ్లిద్దరూ ఒక్క గొంతుతో ఒద్దన్నారు. మానస అయితే మొగుడి ముందే భూలక్ష్మి చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "అక్క మాటే నా మాట."

ఆ తర్వాత... ఎండాకాలం మొదలయ్యాక... నీళ్లు తగ్గడం మొదలైంది.

మొదట బీట అనుకున్నారు. పాత సిమెంటు, ఎండకు నెర్రె ఇచ్చి ఉంటుంది. బోరబండ నుంచి పెంటయ్య మేస్త్రీ వచ్చాడు. కుంట ఖాళీ చేసి, అనుమానం వచ్చిన చోటల్లా చెక్కి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు కూరి, తడిపి తడిపి ఆరబెట్టి మళ్లీ నింపాడు. కొన్నాళ్లు నిలిచాయి. ఒకరోజు పొద్దున చూస్తే తామరాకులు కాడలు వాల్చి బురద మీద పడున్నాయి.

అడుగున ఒక గుంట, ఆ గుంటలో పాత తూము ఉంది. కుంట కడిగినప్పుడు నీళ్లు మోరీలోకి వదలడానికి మామ పెట్టించిన తూము. దానికి చెక్క బిరడా. భూలక్ష్మి రోజూ పొద్దున మోకాలి లోతు దిగి తడిమి చూసేది. బిరడా బిగించినట్టే ఉండేది.

తను ఊరికే కూర్చునే రకం కాదు. బకెట్‌లో కుంట నీళ్లే పోసి మెట్టు మీద పెట్టింది. ఎండకు ఆవిరయ్యేది రెండింట్లోనూ ఒకటే కదా. బకెట్ కంటే కుంట ఎక్కువ తగ్గితేనే కారుతున్నట్టు లెక్క.

పగలంతా రెండూ సమానం.

రాత్రి గడిచి తెల్లారితే — బకెట్ అలాగే ఉంది. కుంట జానెడు దిగింది.

ఈ సంగతి విని పెంటయ్య తాపీ కడిగి సంచిలో పెట్టుకున్నాడు.

"అమ్మా, బీటకు రాత్రేంది, పగలేంది? కారితే ఎప్పుడూ కారాలె. రాత్రి మాత్రమే తగ్గుతున్నదంటే... అది బీట కాదమ్మా. నన్ను పిలవకుండ్రి."

"ఏందయ్యా, మీసాలకు రంగేసినవు గని గుండెకు ఏసుకోలేదా?"

"గుండెకు రంగేస్తే దెయ్యానికి కనబడదామ్మా?" అని ఆయన నవ్వకుండానే గేటు దాటాడు.

ఆ రాత్రే మానస వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా... నేను చూసిన. మా మెట్ల మీంచి. కుంట కాడ వంగి ఉన్నది. జుట్టు ఇరబోసుకొని..."

"ఎవరు?"

మానస కుంట వైపు తలుపు దగ్గరికి వేసింది. "అత్తమ్మకు దూప తీరలేదక్కా."

భూలక్ష్మి చేతిలో గంటె ఆగిపోయింది. "నోరు మూసుకొని అన్నం తిను" అంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత చాలా రాత్రులు పట్టలేదు.

ఆదివారం నాడు రాఘవేందర్ తేల్చేశాడు. "రేపు పొద్దుగాల జేసీబీ వస్తది. ఇగ చాలు. సందుల తలెత్తుకోలేకపోతున్నం."

"కుంట కోడండ్లది."

"కోడండ్లదే. నీళ్లు నిలవని కుంటను ఏం జేస్కుంటరు? సరే, ఇగో — బొగ్గుతోని గీత గియ్యి. పొద్దుగాల ఆ గీత కాడ నీళ్లుంటే జేసీబీని వాపస్ పంపిస్త. లేకుంటే నువ్వు మాట్లాడొద్దు."

భూలక్ష్మి గీత గీసింది.

చీకటి పడకముందు చివరి ప్రయత్నం చేసింది. మామ బతికున్నప్పుడు చూసిన పద్ధతే. పసుపు చిక్కగా కలిపి గోడల వెంట మెల్లగా పొయ్యాలి. బీట ఎక్కడుంటే పసుపు అటు దారం లాగినట్టు గుంజుకుపోతుంది. డబ్బాడు పసుపు బకెట్‌లో కలిపి, చుట్టూ పోసి, మెట్టు మీద కూర్చుని కన్నార్పకుండా చూసింది.

పసుపు ఎటూ పోలేదు. మబ్బులా కదలక నిలిచి... మెల్లమెల్లగా అడుక్కి దిగిపోయింది.

అంటే బీట లేదు. ఆ మాట ఆమెకు ధైర్యం ఇవ్వలేదు. బీట కాకపోతే ఇంక మిగిలింది లచ్చమ్మే.

ఆదివారం షోరూంలో రద్దీ. మానస వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. తిని, కంచం కడిగి, భూలక్ష్మి భుజం మీద చెయ్యేసింది. "పండుకో అక్కా. ఎంతకని కొట్లాడుతవ్? నువ్వు చేసేది నువ్వు చేసినవ్."

పసుపు సంగతి చెప్దామనుకుంది భూలక్ష్మి. చెప్పడానికేముంది, ఏమీ తేలలేదు కదా అని ఊరుకుంది.

అందరూ పడుకున్నారు. ఆమె వంటింటి వెనక తలుపు ఓరగా తీసి, లోపల చీకట్లో పీట వేసుకుని కూర్చుంది. పక్క హాస్టల్ మీది నీళ్ల ట్యాంకుల నీడ కుంట మీద పడి ఉంది. దూరంగా మెట్రో ఆఖరి రైలు పోయింది. తర్వాత కుక్కలు. తర్వాత అవీ లేవు.

కళ్లు మూతపడ్డాయి...

గుటుక్.

భూలక్ష్మి కళ్లు తెరిచింది. మెడ తిప్పలేదు. తిప్పలేకపోయింది.

గుటుక్... గుటుక్...

తలుపు సందులోంచి చూసింది. కుంటలో — గట్టు మీద కాదు, నీళ్లలోపల — ఒక ఆకారం. మోకాళ్ల దాకా నీళ్లు. నడుం వంచి ఉంది. విరబోసిన జుట్టు ముఖం మీంచి జారి నీళ్లను తాకుతోంది. ఒంటి మీద పాలిపోయిన రంగు చీర. ఆకారం కదలడం లేదు. నీళ్లు మాత్రం తాగుతున్న చప్పుడు... ఆగకుండా...

పారిపోదామనుకుంది. కానీ కాళ్లు ముందుకే నడిచాయి. గడప దాటింది. బట్టలుతికే చప్టా దాటింది. గట్టు దగ్గర ఆగింది. తన గొంతు తనకే వినపడనంత మెల్లగా అడిగింది.

"అత్తమ్మా...?"

ఆకారం బిగుసుకుపోయింది. తల ఎత్తలేదు.

ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు... చెవి పక్కనే అన్నంత దగ్గరగా... ఎండిన నాలుక మీంచి వచ్చినట్టు —

"దూపైతుందే... భూలక్ష్మీ..."

ఆమె ఎలా లోపలికొచ్చిందో, గొళ్లెం ఎలా వేసిందో ఆమెకే తెలియదు. తెల్లవారేదాకా వంటింటి మూలన మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

తెల్లారింది. బొగ్గు గీత ఎండిపోయి పైన ఉంది. నీళ్లు ఎంతో కిందికి పోయాయి.

అంతకంటే ఘోరం ఇంకోటి. బట్టలుతికే చప్టా మీద, సిమెంటు నేల మీద... ఎర్రటి మరకలు. అక్కడి నుంచి ఎర్రటి అడుగులు. ఒకటి వెంట ఒకటి, ఇంటి పక్కకు తిరిగి, మసకబారి, పోయాయి.

"నెత్తురు!" అన్నాడు విజయేందర్. పళ్లు తోముకునే బ్రష్ చేతిలోంచి జారింది. "వదినా... అమ్మ నెత్తుటి కాళ్లతోని తిరిగింది వదినా..."

రాఘవేందర్ భార్య ముఖం చూశాడు.

భూలక్ష్మి గట్టు మీద నిలబడి తామరాకుల్ని చూసింది. ఇరవై ఏళ్ల చాకిరీ బురదలో వాలిపోయి ఉంది. ఒక్క గ్లాసు నీళ్లకు ఇంత దాహమా అత్తమ్మా, అనుకుంది.

"పూడ్చెయ్యుండ్రి" అంది. "నాకొద్దు."

రాఘవేందర్ జేసీబీవాడికి ఫోన్ చేశాడు. బయలుదేరాను, దారిలో ఉన్నాను అన్నాడు వాడు.

మరకలు కడగాలి. ఎవరూ ముందుకు రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ చెయ్యని పనులన్నీ చేసేది ఎవరో చెప్పనక్కర్లేదు. భూలక్ష్మి చీర ఎత్తి దోపుకుంది. నీళ్లు కుమ్మరించి, బట్టల సబ్బు చేతిలోకి తీసుకుని రుద్దింది.

నురగ ఎర్రగా వచ్చింది.

ఆమె చెయ్యి ఆగింది. నేల మీద మరక ఇంకా అలాగే ఉంది. ఎర్రగా వచ్చిన నురగ నేలది కాదు... తన వేళ్ల మధ్యది. నిన్న పసుపు కలిపిన చెయ్యి. ఎన్నిసార్లు కడిగినా గోళ్ల సందుల్లో పసుపు పోలేదు. సబ్బు తగలగానే ఎర్రబారింది.

పసుపుకు సున్నం తగిలినా, సబ్బు తగిలినా ఎరుపే కదా. దిష్టి నీళ్లు కలిపిన ప్రతి ఆడదానికీ తెలిసిందే. మగవాళ్లే నెత్తురనుకుంటారు.

నిన్న పసుపంతా అడుక్కి దిగింది. అడుగున అన్నిటికంటే లోతైన చోటు — తూము గుంట. రాత్రి చీకట్లో ఆ గుంటలో ఎవరో నిలబడ్డారు. బిరడా తీశారు. నీళ్లు తూములోకి గుటుక్ గుటుక్‌మని పోయాయి. మళ్లీ బిరడా బిగించారు. బురద పోవాలని ఇక్కడే, ఇదే సబ్బుతో, లైటు వెయ్యకుండా కాళ్లు కడుక్కున్నారు.

దెయ్యానికి సబ్బెందుకు?

భూలక్ష్మి లేచింది. రాఘవేందర్ కాళ్ల వైపు చూసింది. మురికిగా, మామూలుగా ఉన్నాయి. విజయేందర్ కాళ్లు చూసింది. అవీ అంతే. అడుగుల వెంట నడిచింది. అవి ఇంటి పక్కకు తిరిగి... పై వాటా మెట్ల దగ్గరికి పోయాయి. మొదటి మెట్టు మీద ఒక వేలి ముద్ర, లేత ఎరుపుగా.

పైన మానస గదిలో ఫ్యాను తిరుగుతోంది. మే నెల ఉక్కపోతలో మానస మెడ దాకా రగ్గు కప్పుకుని ఉంది.

"జ్వరమొచ్చిందక్కా..."

భూలక్ష్మి నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. రగ్గు కాళ్ల వైపు నుంచి లాగేసింది.

అరికాళ్లు రెండూ పారాణి పెట్టినట్టున్నాయి. చేతులు కూడా, మణికట్టు దాకా.

కింద సందులో జేసీబీ రివర్స్ తీసుకుంటున్న కూత వినిపించింది.

"ఎందుకే?" అంది భూలక్ష్మి. గట్టిగా కూడా అనలేదు.

మానస లేచి కూర్చుంది. ఏడుస్తుందనుకుంటే ఏడవలేదు. "హాస్టల్ కడితే పైన మాకో వాటా ఇస్తనన్నడు బావ. వేరే వంటిల్లు."

"వంటిల్లా?"

"నాకు నా పొయ్యి కావాలె అక్కా. నా కూరల ఉప్పు నేనే ఏసుకోవాలె. నీకు చెప్తే వింటవా? పెండ్లయి ఇన్నేండ్లాయె, ఒక్కనాడన్న ఏం వండుదమే అని అడిగినవా నన్ను?"

"నువ్వు అడిగినవానే? ఒక్కనాడన్న నోరు తెరిచినవా? అక్క మాటే నా మాట అంటివి గదా!"

"అంటి. వేరే ఏమంటే ఊకుంటవు నువ్వు?"

"మీ ఆయనకెరుకేనా?"

"ఎరుక లేదు. ఎవరికీ ఎరుక లేదు."

భూలక్ష్మి కిటికీలోంచి కిందికి అరిచింది. "ఏమయ్యా! మిషన్ వాపస్ పంపు. కుంటకు బీట లేదు, దెయ్యం లేదు. కోడండ్లల్ల ఒకామె ఒప్పుకోదు. నా పేరు చెప్పు."

రాఘవేందర్ పైకి చూసి ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి గేటు వైపు పోయాడు. జేసీబీ కూత సందు చివరికి పోయి వాహనాల రొదలో కలిసింది.

భూలక్ష్మి మళ్లీ మానస వైపు తిరిగింది.

"బిరడా పీకితే పీకినవ్. వంటిల్లు కావాల్నంటే పీకినవ్. కానీ అత్తమ్మ ఆఖరి మాట... నీకొక్కదానికే చెప్పుకున్న గదనే. దాన్ని పట్టుకొని రాత్రి నా చెవుల అంటవా? గట్ల గొంతు మార్చి?"

మానస అర్థం కానట్టు చూసింది. "ఏమన్న?"

"దూపైతుందే భూలక్ష్మీ అని!"

మానస ముఖంలో రంగు మెల్లగా పోయింది. చేతుల్లో ఎరుపు మాత్రం అలాగే ఉంది.

"అక్కా... అత్తమ్మకు దూప తీరలేదని అబద్ధం చెప్పిన. ఒప్పుకుంట. కానీ రాత్రి నువ్వు గట్టు మీదికొచ్చి అత్తమ్మా అన్నవ్. నాకు పానం పోయింది. నేను నోరు తెరవలే. ఊపిరి సుత బిగబట్టిన. నువ్వే ఒక్కసారి ఉరికినవ్... ఎందుకురికినవో నాకు తెల్వదు."

"అబద్ధం."

"నీ పేరు పెట్టి నేనెన్నడన్న పిలిచిన్నా అక్కా? నా బిడ్డ మీద ఒట్టు."

ఒట్టు పెట్టడానికి ఎర్రటి అరచెయ్యి ముందుకు చాపింది. పట్టుకొమ్మన్నట్టు అలాగే ఉంచింది. భూలక్ష్మి తన చెయ్యి చీర కొంగులోకి లాక్కుంది.

ఆ చీకట్లో కుంట దగ్గర ఉన్నది ఇద్దరే. వినిపించిన గొంతు ఎవరిదో తేల్చి చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో మానస ఒక్కతే. ఆ మనిషి మాట ఇక చెల్లదు.